ఇంకా చాలా ఖాళీ ఉంది

ఫిజిక్స్ ప్రయోగశాల,
జూన్ 12, బుధవారం.

వదినగారికి,

ఇక్కడ క్షేమం. కాలేజీ తెరిచారు. నేను ఫోను ఎత్తడం లేదని మీరు కోపంగా ఉన్నట్టు అన్నయ్యగారు కార్డు రాశారు. ఫోను మీ చెల్లెలు పడుకునే వైపు ఉంది. అందుకని ఉత్తరం.

ఒక విషయం అడగాలి. మీ చెల్లెలు కొన్న ఆరు గ్లాసులు మీకు గుర్తుండే ఉంటాయి. పొడుగు కాడ, ఉల్లిపొరంత పలచటి గాజు. వాటిలో నాలుగు నేనే పగలగొట్టాను, ఏడాదికొకటి చొప్పున, కొత్తగా చేరిన విద్యార్థుల ముందు. గ్లాసుని గోటితో మీటితే ఒక స్వరం వస్తుంది. అదే స్వరాన్ని లౌడ్‌స్పీకరులో గట్టిగా వినిపిస్తే గాజు ఊగి ఊగి పగులుతుంది. వేరే ఏ స్వరానికీ చలించదు. దాన్ని అనునాదం అంటాం. ఆమె మాత్రం 'పలకడం' అనేది. "గ్లాసు పగలగొట్టి జీతం పుచ్చుకునే మనిషిని మిమ్మల్నొక్కర్నే చూశాను" అనేది. నాలుగోది పోయాక మిగతా రెండూ లోపల పెట్టేసింది. ఇద్దరం తాగడానికి రెండైనా ఉండాలంది.

ఇప్పుడు ఒకటే ఉంది. రెండోది జనవరిలో ఆస్పత్రి సామాన్లతో పాటు పోయిందనుకుంటున్నాను. మీకేమైనా తెలుసా?

ఉన్నదాన్ని ఇంట్లో పెట్టుకోలేక ఇక్కడి బీరువాలో పెట్టాను. ఇవాళ మూడింటికి తీసి మీటాను. గ్లాసు అడుగున నిరుడు నేనే అంటించిన చీటీ ఉంది: 640. అంటే ఆ గాజు సెకనుకి 640 సార్లు ఊగుతుందని. ఇవాళ 588 వచ్చింది. పరికరంలో లోపం అయ్యుంటుంది.

మీ మరిది.


కుట్టు గది,
జూన్ 20.

మరిదిగారికి,

ఐదు నెలలకి ఉత్తరం రాశారు, సంతోషం. కానీ మీ ఉత్తరం కన్నా కరెంటు బిల్లు నయం. దాని కింద కనీసం ధన్యవాదాలని ఉంటుంది. మీ అన్నయ్యగారు చదివి, "మా తోడల్లుడు ఇన్ని మాటలు మిగిల్చి ఏం చేసుకుంటాడే?" అన్నారు.

వేళకి తింటున్నారా? తింటున్నానని ఒక ముక్క రాయడానికి సిరా అయిపోయిందా? పిచ్చుక ఉంటే మిమ్మల్ని ఇలా వదిలేదా? చెల్లిని పిచ్చుక అని పిలిచింది నేనే. ఏం తాగినా గుక్కెడు తాగి తలెత్తి చూసేది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఇక్కడ ఊపిరాడని పని. బళ్ళు తెరిచారుగా, ఒకటే యూనిఫారాలు. ఎనభై చొక్కాలు, ఒక్కోదానికి ఆరు కాజాలు. కళ్ళు లాగేస్తున్నాయి.

గ్లాసు సంగతి నాకేం తెలుస్తుందండీ? ఆ రోజు ఎవరి ఒంటి మీద ఎవరికి స్పృహ ఉంది? ఆస్పత్రి వాళ్ళు పారేసి ఉంటారు. పోతే పోయింది, దాని గురించి ఆలోచించకండి.

మిషనుకి ఏదో జబ్బు చేసింది. తొక్కడం ఆపినా సన్నగా మోగుతోంది, చెవి దగ్గర దోమలాగా. నిన్న మధ్యాహ్నం మూడింటికీ అంతే. నూనె వేశాను. మీ అన్నయ్యగారు విని, "మిషను కాదు, నీ చెవి బాగు చేయించాలి" అన్నారు.

గ్లాసు స్వరం తగ్గితే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను.

మీ వదిన.


ఫిజిక్స్ ప్రయోగశాల,
జులై 3, బుధవారం.

వదినగారికి,

తింటున్నాను.

పరికరంలో లోపం లేదు. శృతిదండాలతో సరిచూశాను. ప్రతి బుధవారం మధ్యాహ్నం నాకు క్లాసు ఉండదు, మూడింటికి కొలుస్తున్నాను. జూన్ 12న 588. పంతొమ్మిదిన 578. ఇరవయ్యారున 566. ఇవాళ 552.

గాజుకి బీట లేదు. భూతద్దంతో చూశాను. బీరువాకి తాళం, తాళంచెవి నా జేబులో. గ్లాసు పొడిగా ఉంది. బరువు నూట పన్నెండు గ్రాములు. మొదటి వారమూ అంతే, ఇవాళా అంతే.

ఏమవుతుందని అడిగారు. ఏమీ కాదు. గ్లాసు స్వరం మామూలుగా ఒక్క కారణానికే తగ్గుతుంది, అందులో నీళ్ళు పోస్తే. సగం నిండేదాకా పెద్దగా తేడా ఉండదు. నీళ్ళు అంచు వైపు వచ్చేకొద్దీ పోసిన ప్రతిసారీ స్వరం ఇంకా ఎక్కువగా పడుతుంది. నా అంకెలు అలాగే పడుతున్నాయి.

ఖాళీ గ్లాసు నిండుతోంది. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేశాను. వేరేది దొరకలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు ప్రదర్శన ఎప్పుడని ప్రిన్సిపాలు అడిగితే గ్లాసు లేదన్నాను. నాకు మతి తప్పిందని మీకనిపిస్తే మొహమాటం లేకుండా రాయండి.

మీ మరిది.


ఇల్లు,
జులై 11.

మరిదిగారికి,

జ్వరం. ఆదివారం నుంచి మంచం దిగలేదు. అక్షరాలు తిన్నగా లేకపోతే ఏమీ అనుకోకండి.

ఆ గ్లాసు పగలగొట్టెయ్యండి. కొలవొద్దు, బీరువాలో దాచొద్దు. రాయి పెట్టి కొట్టండి, నేలకేసి కొట్టండి, మీ ఇష్టం. ఎందుకని అడగొద్దు. పెద్దదాన్ని, మొదటిసారి ఒకటి అడుగుతున్నాను.

మీ వదిన.


ఫిజిక్స్ ప్రయోగశాల,
జులై 24, బుధవారం.

వదినగారికి,

జ్వరం తగ్గిందని తలుస్తాను.

పగలగొట్టలేదు. మీరు అడిగింది కాదనడం నాకూ మొదటిసారే. కారణం రాస్తాను.

జులై 10న స్వరం మారలేదు. అంతకు ముందు వారంలాగే 552. ఆగిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఊరట కలగలేదు, దిగులేసింది. పదిహేడున మళ్ళీ పడింది: 536. ఇవాళ 518.

బజారులో దగ్గరగా అలాంటిదే ఒక గ్లాసు దొరికింది. దాంట్లో చెంచాతో నీళ్ళు పోస్తూ కొలిచాను. ఆమె గ్లాసులోనే పోసి చూడొచ్చు. చెయ్యి రాలేదు. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీశాను. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. లెక్క తేలింది. వారానికి రెండు చెంచాలు. వెనక్కి లెక్కవేస్తే ఆమె పోయిన మరుసటి వారం మొదలైంది.

ఎందుకు రెండో నాకు తెలియదు. ఎందుకు నీళ్ళో తెలుసు. అది మీకు చెప్పలేదు.

ఆ రోజు ఆపరేషను పదింటికన్నారు. పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు ఇవ్వొద్దన్నారు. పదింటిది పన్నెండయింది, పన్నెండుది నాలుగయింది. ఆమె నన్ను నీళ్ళు అడిగింది. తడిగుడ్డతో పెదాలు తుడిచి వద్దన్నాను. మొత్తం ఏడుసార్లు అడిగింది. లెక్కపెట్టాలని పెట్టలేదు, అలవాటు. ఏడోసారి నవ్వుతూ అడిగింది, నేనే చిరాకుపడ్డాను. నాలుగింటికి థియేటరు తలుపులు మూశారు. ఆరింటికి డాక్టరు బయటికొచ్చాడు. తర్వాతది మీకు తెలుసు.

అందుకని ఈ గ్లాసుని రాయి పెట్టి కొట్టలేను. నిండనివ్వాలి.

మీ మరిది.


కుట్టు గది,
జులై 31, బుధవారం.

మరిదిగారికి,

మీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. 'వారానికి రెండు చెంచాలు' దగ్గర ఆగి తలుపు గడియ వేసుకున్నాను. మీ అన్నయ్యగారు బయటి నుంచి, "ఏమయిందే, కుట్టు తప్పిందా?" అని అడుగుతున్నారు. తప్పిందని చెప్పాను.

రెండో గ్లాసు నా దగ్గరుంది. మీతో అబద్ధమాడాను.

ఆ రోజు పొద్దున మీ ఇంటి నుంచి దాని బట్టలు తెచ్చేటప్పుడు ఆ గ్లాసు కూడా తువ్వాల్లో చుట్టి తెచ్చాను. ఆపరేషనయ్యాక అది అందులోనే తాగుతానంటుందని నాకు తెలుసు. మూడింటికి మిమ్మల్ని కింద సంతకాలకి పిలిచారు, గుర్తుందా? మీరటు వెళ్ళారో లేదో నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆయన మాస్టారు, రూలు తప్పరు. నువ్వు దర్జీవి, కొలత కాస్త అటూ ఇటూ చెయ్యడం నీకొచ్చు. రెండు చెంచాలు పొయ్యి" అంది.

నవ్వొచ్చింది మరిదిగారూ. ఆ నవ్వులో పోసేశాను. రెండే చెంచాలు. తాగి, దాని అలవాటు తెలుసుగా, అంచు మీద గోటితో మీటింది. గ్లాసు పలికింది. "విన్నావా? ఇంకా చాలా ఖాళీ ఉంది" అంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భయమేసి గ్లాసు లాక్కుని సంచిలో పెట్టేశాను. నేను దానితో చేసిన ఆఖరి పని అదే. లాక్కోవడం.

ఆరింటికి డాక్టరు వచ్చినప్పుడు మీరు గోడ వైపు తిరిగారు. నేను సంచి వైపు చూశాను. నీళ్ళివ్వొద్దని ఎందుకంటారో నాకు తెలుసు, మత్తులో ఉండగా ఊపిరితిత్తుల్లోకి పోతాయని. నా చెల్లెల్ని నేనే చంపుకున్నాను. ఇది మీ అన్నయ్యగారికి కూడా తెలియదు.

తర్వాతి బుధవారం ఆ గ్లాసు కడగబోయి, కడగలేక, రెండు చెంచాల నీళ్ళు పోశాను. ఖాళీ ఉందంది కదా. ప్రతి బుధవారం పొద్దునే పోస్తున్నాను. పైన సాసరు మూతపెట్టి మిషను పక్క అలమరలో ఉంచుతాను. ఒక్క వారమే తప్పాను. జులై పదో తారీకు. జ్వరంతో లేవలేకపోయాను. అది మీకు నేను చెప్పలేదు. మీ గ్లాసు చెప్పింది.

ఇంకొకటుంది. మోగేది మిషను కాదు. బుధవారం మూడింటికి ఆ గ్లాసు దానంతటది పలుకుతుంది. సాసరు తీస్తే నీళ్ళ మీద సన్నటి వలయాలు. పొద్దున పోసింది చాలక అది ఇంకా దాహమని అడుగుతోందనుకునేదాన్ని. మీరక్కడ మీటుతున్నారని ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక భయం తగ్గాలి కదా. తగ్గలేదు. మీకూ నాకూ మధ్య పదిగంటల రైలు ప్రయాణముంది.

ఇవాళ కూడా పలికింది. పొద్దునే పోశాను. ఇంకో మూడు వారాల్లో నిండిపోతుంది. నిండాక ఏం చెయ్యను? తాగలేను. పారబొయ్యలేను. పగలగొట్టమన్నది అందుకు.

నన్ను తిట్టాలనుకుంటే పేజీ నిండా తిట్టండి. మీ పద్ధతిలో ఒక్క లైనులో తేల్చకండి.

వదిన.


ఇల్లు,
ఆగస్టు 7, బుధవారం.

వదినగారికి,

జులై 31న 497 వచ్చింది. ఇవాళ 472. అంటే మీరు ఇవాళా పోశారు.

ఆస్పత్రి వాళ్ళు ఫిబ్రవరిలో నాకు ఒక కవరు పంపారు. ఆమె మరణానికి కారణం రాసిన రిపోర్టు. విప్పలేదు. సొరుగులో బట్టల కింద పెట్టాను. నేను నీళ్ళివ్వకపోవడం వల్ల ఒరిగిందేమీ లేదని అందులో ఉంటుందేమోనని భయం. మీ ఉత్తరం వచ్చాక విప్పాను.

కాలి నరంలో నెత్తురు గడ్డకట్టింది. ఆ గడ్డ ఆపరేషను మధ్యలో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అడ్డుపడింది. ఊపిరితిత్తుల్లో నీరేమీ లేదని విడిగా రాశారు. మీ రెండు చెంచాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇది నా ఓదార్పు కాదు, టైపు చేసిన కాగితం. నకలు జతపరిచాను. అన్నయ్యగారికి కూడా చూపించండి. గడియ వేసుకుని ఏడవకండి.

నేను ఇచ్చినా ఇదే జరిగేది. ఇవ్వకపోయినా ఇదే జరిగింది. నేను భయపడిందే అందులో ఉంది.

కానీ మీరిచ్చారు. ఆమె దాహంతో పోలేదు. ఏడు నెలలుగా నేను వెతుకుతున్న వాక్యం మీ ఉత్తరంలో దొరికింది. 'ఇంకా చాలా ఖాళీ ఉంది' అన్న చోట కాగితం మడిచి పక్కనపెట్టి, మళ్ళీ విప్పాను. ఆ గొంతు వినిపించింది. తిట్టడానికి నా దగ్గర ఒక్క లైను కూడా లేదు.

నిండాక ఏం చెయ్యాలని అడిగారు. నా గీత ప్రకారం ఆగస్టు 21న అంచుకి వస్తుంది. ఆ పైన పోస్తే పొర్లుతుంది. ఎక్కడ పొర్లుతుందో నాకు తెలియదు. నిండిన గ్లాసుని ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి. మీ చేత పారబోయించను. ఇటు వైపు నేను చూసుకుంటాను.

ఆ రోజు మూడున్నరకి చివరి రెండు చెంచాలు పొయ్యండి. సాసరు పెట్టకండి. నేను నాలుగింటికి మొదలుపెడతాను. గదిలో విద్యార్థులెవరూ ఉండరు.

మీ మరిది.


కుట్టు గది,
ఆగస్టు 21, బుధవారం, సాయంత్రం అయిదు.

మరిదిగారికి,

మీ జవాబు వచ్చేదాకా ఆగలేను. ఇప్పుడే రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే పోశాను. రెండో చెంచాకి నీళ్ళు అంచు దాటి కాస్త ఉబ్బి నిలబడ్డాయి. ఊపిరి విడిస్తే పొర్లేలా ఉంది. మీ అన్నయ్యగారికి వారం కిందటే అంతా చెప్పేశాను. కాగితం మూడుసార్లు చదివారు. నా తల మీద చెయ్యి వేశారు. ఇవాళ కూడా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నేనేం నమ్మను. ఊరికే నీకు తోడు" అన్నారు.

నాలుగు కొట్టింది. కొంచెంసేపు ఏమీ లేదు. ఆయన, "మీ మరిది వాచీ ఆగిపోయుంటుంది" అంటుండగా పలికింది. ఇన్నాళ్ళలాగా దోమ మోగినట్టు కాదు. బొంగురుగా, లోతుగా, గదంతా. అలమర తలుపులు గడగడలాడాయి. డబ్బాలో గుండీలు గెంతాయి. ఆయన లేచి నిలబడి, "ఏమిటే అది?" అన్నారు. తల తిప్పి ఆయన వైపు చూశాను. అంతే, రెప్పపాటు.

మళ్ళీ చూస్తే గ్లాసులో చుక్క లేదు.

పగల్లేదు. పొర్లలేదు. తుడిచి బోర్లించి తీసినట్టు పొడిగా ఉంది. అలమర తడిమాను, నేల తడిమాను, ఆయన వంగి మిషను కింద కూడా చూశారు. పొడి. గోటితో మీటాను. సన్నగా, పైకి పలికింది. మీ 640 అదే అయ్యుంటుంది. ముప్పై వారాలు పోసిన నీళ్ళు మరిదిగారూ. ఎటుపోయాయి?

మీ అన్నయ్యగారు ఇంకా ఆ గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చున్నారు. నమ్మనన్న మనిషి.

మీ గ్లాసు పగిలిందా? వెంటనే రాయండి.

మీ వదిన.


ఫిజిక్స్ ప్రయోగశాల,
ఆగస్టు 21, బుధవారం, సాయంత్రం అయిదున్నర.

వదినగారికి,

ఇవాళ అక్కడేం జరిగిందో మీ ఉత్తరం వస్తేగానీ తెలియదు. ఇక్కడ జరిగింది రాస్తున్నాను.

మూడుంపావుకి బరువు చూశాను. నూట పన్నెండు గ్రాములు. గ్లాసు పొడిగా ఉంది. మూడున్నర దాటాక మీటాను. 405. నా గీతలో అంచు దాకా నిండిన గ్లాసు అంకె అదే. మీరు పోశారని తెలిసింది.

గ్లాసుని బల్ల మధ్య పెట్టి ఎదురుగా లౌడ్‌స్పీకరు బిగించాను. లోపల ఒక కాగితపు గొట్టం నిలబెట్టాను. గాజు ఊగితే అది గెంతుతుంది, కంటికి తెలుస్తుంది. నాలుగింటికి స్విచ్చి వేశాను. అలవాటు కొద్దీ 640 పెట్టాను. ఖాళీ గ్లాసయితే అక్కడే పగలాలి. గొట్టం కదల్లేదు. నెమ్మదిగా దింపుకుంటూ వచ్చాను. ఆరొందలు, అయిదొందలు, నాలుగొందల యాభై. కదల్లేదు. 405 దగ్గర గొట్టం తిరగడం మొదలుపెట్టింది.

శబ్దం పెంచే మర మీద చెయ్యి ఉంది. పెంచలేకపోయాను. ఏడుసార్లు వద్దన్న చెయ్యి అది. చివరికి పైకే, "తాగు" అన్నాను. గదిలో ఎవరూ లేరు. మర తిప్పాను.

ఒక్కసారే పగిలింది. పైభాగమంతా పోయింది. కాడ, అడుగు మిగిలాయి. అడుగున చీటీ ఉంది, కానీ అంకె చదవడానికి లేదు. సిరా అలుక్కుపోయింది.

మీ దగ్గరున్నది పంపొద్దు. అందులో మీరు తాగండి. దసరా దాటాక ఒకసారి వస్తాను. నాకూ కాసిని పొయ్యండి.

గాజు ముక్కలు ఏరేశాను. తర్వాత బల్ల తుడవాల్సి వచ్చింది. గుడ్డ మూడుసార్లు పిండాను.

మీ మరిది.